పొద్దుతిరుగుడు పలక

మా హోసూరు ప్రాంతము పీఠభూమి. ఇచట చెరువులు గలవు, బావులు గలవు, దక్షిణ పినాకిని కలదు. కాని సముద్రము లేదు. మా పాఠశాలలో ప్రతి తరగతియందును సముద్రమును కన్నులార చూచిన బాలబాలికలు నలుగురైదుగురికి మించరు. మేమును నలువది యేండ్లు దాటిన పిమ్మటనే మొదటిసారి తెరచాప పడవ నెక్కితిమి. అట్టి మేము పడవను గూర్చి, అందునను పడవమీద నమర్చు సౌరఫలకమును గూర్చి వ్రాయబూనుట చూచి మా సహోపాధ్యాయులు నవ్వవచ్చును. తెలుగు పాఠములు చెప్పుకొనువారికి విద్యుత్తుతో నేమి పని యని సైన్సు ఉపాధ్యాయులు ఇదివరకే అడిగిరి. ఆ పనిని మాకు కల్పించినవాడు మా పూర్వ విద్యార్థి యొకడు. అతడు మాకు నేర్పిన పాఠమునే ఇచట వ్రాయుచున్నాము.

ఆ అబ్బాయి ఇచటికి అయిదు మైళ్ల దూరమున నున్న పల్లెవాడు. తండ్రికి రెండెకరముల గులాబి తోటయు, కొంత టమాటా చేనును గలవు. పదవ తరగతివరకు మా పాఠశాలలో తెలుగు మాధ్యమముననే చదివి, పిమ్మట విద్యుత్తు పని నేర్చుకొని, కొంతకాలము హోసూరులోనే యొక కర్మాగారమున పనిచేసి, తరువాత కొచ్చికి పోయి పడవల మరమ్మతు చేయు చోట కుదిరెను. సముద్రమెరుగని పల్లెలో పుట్టినవాడు సముద్రపు పడవలకు దీపములు పెట్టువాడయ్యెనని మేము తరచు తరగతిలో చెప్పుచుందుము.

సంక్రాంతికి నాలుగు దినములు ముందు, రాత్రి తొమ్మిది గంటలవేళ, అతడు ఫోను చేసెను. కుశలప్రశ్నలైన పిదప కొంతసేపు మాటాడక యుండెను.

"ఏమప్పా, ఒంట్లో బాగున్నదా?" అని అడిగితిమి.

"ఒళ్లు బాగానే ఉండాది అయ్యవారూ. ఒక లెక్క వేసినా. లెక్క సరిగానే ఉండాది, మనసే ఒప్పుకోలేదు. పండగ సెలవుల్లో ఒక్క దినం వచ్చి పోతారా?"

"లెక్కకు మేమేల? లెక్కల అయ్యవారిని పిలువరాదా?"

"లెక్క ఎవరికైనా చెప్పగలను. దీన్ని మాటల్లో పెట్టి చెప్పేది ఎట్లో తెలియకుండా ఉండాది" అనెను.

ఆ మాట మమ్ము కదలించెను. పండుగ మరునాడు బెంగుళూరులో రాత్రి రైలెక్కి తెల్లవారునప్పటికి ఎర్నాకుళము చేరితిమి.

బోల్గట్టి దీవి కెదురుగా, వెడల్పైన ఉప్పునీటి కయ్యలో, పది పన్నెండు తెరచాప పడవలు లంగరు వేసికొని యుండెను. తెరచాప యన్నది తాతలనాటి వస్తువని, ఆవిరి ఓడలు వచ్చిన పిమ్మట అది చిత్రపటములలో మాత్రమే మిగిలినదని మేము తలచియుంటిమి. అది మా అజ్ఞానము. 2017 సెప్టెంబరు 10వ తేదీన మన నౌకాదళమునకు చెందిన ఆరుగురు స్త్రీలు 'తారిణి' యను తెరచాప పడవలో గోవానుండి బయలుదేరి, భూగోళమును చుట్టి, 2018 మే 21వ తేదీన తిరిగివచ్చిరి. అందు విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య యను ఇరువురు తెలుగు ఆడపడుచులు గలరు. ఈ సంగతి మా విద్యార్థి చెప్పువరకు మాకు జ్ఞప్తికి రాలేదు.

అతడు మమ్మొక చిన్న రబ్బరు పడవలో కూర్చుండబెట్టి, లంగరు వేసియున్న ఒక తెల్లని పడవ యొద్దకు తీసికొనిపోయెను. అందు ఇంగ్లండు దేశస్థులైన వృద్ధ దంపతు లుండిరి. ఇరువురును ఉద్యోగ విరమణ చేసినవారు. ఆయనకు డెబ్బది, ఆమెకు అరువదియారు. ఆ పడవయే వారి యిల్లు. నెల తిరుగునప్పటికి మాల్దీవుల మీదుగా ఆఫ్రికా తీరమునకు పోవలెనని వారి సంకల్పము. ఆమె మాకు తేనీ రిచ్చి, మీ శిష్యుడు మంచి పనివాడని చెప్పెను. మాకు కలిగిన గర్వమును ఇచట దాచనేల?

సంగతి యేమనగా: సముద్రము నడుమ పడవకు గాలియే బలము, కాని దీపమునకు, రేడియోకు, దారి చూపు పరికరములకు, ఆహారము చెడకుండ చల్లబరచు పెట్టెకు, మనిషి నిదురించునప్పుడు చుక్కానిని తనంతట తాను త్రిప్పు యంత్రమునకు విద్యుత్తు కావలెను. మా విద్యార్థి తన నోటుపుస్తకములో లెక్క వ్రాసియుండెను. ప్రయాణ దినములలో ఆ పడవకు 12 వోల్టుల బ్యాటరీనుండి దినమునకు సుమారు 100 ఆంపియరు-గంటలు, అనగా 1,200 వాట్-గంటలు ఖర్చగును. ఒక్కొక్కటి 100 వాట్ల చొప్పున మూడు ఫలకములున్నచో, ఉష్ణమండలమున దినమునకు అయిదు గంటల పూర్తి యెండ వచ్చునని యెంచి, మార్గములో పోవు నష్టములను తీసివేయగా, దాదాపు 1,100 చేతికి వచ్చును. రాబడికిని ఖర్చునకును నడుమ నున్నది సన్నని గీత. మబ్బు పట్టిన దినములు వరుసగా వచ్చినచో బ్యాటరీ అడుగంటును. అప్పుడు డీజిలు యంత్రము నడుపవలె. డీజిలు నడిసముద్రమున దొరకదు. రాత్రివేళ దీపము లేని చిన్న పడవను పెద్ద ఓడ గమనింపకపోవచ్చును. కావున ఆ లెక్కలో తప్పు వచ్చినచో అది కాగితము మీది తప్పుగా మిగులదు.

ఆ పడవకు అప్పటికే ఒక పాత ఫలకము కలదు. అది ప్రక్కనున్న కమ్మికి మడతబందులతో బిగింపబడి, ఊతకడ్డీ సాయమున కావలసినంత వాలునకు ఎత్తుకొనుటకు వీలుగా నుండెను. క్రొత్తగా మరి రెండు పెట్టవలెను. ఆయన వాటినికూడ అట్లే త్రిప్పుటకు వీలుగా పెట్టుమనెను. ఆమె వెనుకనున్న ఉక్కు గొట్టముల కమానుపై కదలకుండ బల్లపరుపుగా బిగింపుమనెను. నడుమ మా విద్యార్థి.

ఇచట ఫలకము పనిచేయు తీరు పిల్లలకు చెప్పవలెను. వెలుతురు సోకుటచే విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశమున బెకెరెల్ 1839లో కనుగొనెను. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1954లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను ముగ్గురు సిలికాన్ గడిని పనికివచ్చు రీతిని చేసి చూపిరి. అది తనపై బడిన యెండలో నూటికి ఆరు వంతులను విద్యుత్తుగా మార్చెను. నేటి మంచి ఫలకములు నూటికి ఇరువది వంతులకు పైగా మార్చుచున్నవి. కాని ఎంత మంచి ఫలకమైనను సూర్యునికి ఎదురుగా నిలిచినప్పుడే పూర్తి ఫలము నిచ్చును. ప్రక్కకు వాలిన కొలది దానిపై బడు ఎండ తగ్గును. ఎంత తగ్గునో పదవ తరగతి త్రికోణమితిలోని కొసైన్ పట్టికయే చెప్పును: 10 డిగ్రీలు తప్పినచో నష్టము నూటికి ఒకటిన్నర మాత్రమే, 30 డిగ్రీలకు 13, 45 డిగ్రీలకు 29, 60 డిగ్రీలకు సరిగా సగము. చిన్న తప్పు చవుక. పెద్ద తప్పు చాల ప్రియము. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు, ముందు పనికివచ్చును.

సూర్యునికి ఎదురుగా నున్నదో లేదో కనుగొనుటకు మా విద్యార్థి యొద్ద సులభోపాయ మొకటి కలదు. ఫలకముమీద ఒక పెన్సిలును నిట్టనిలువుగా నిలుపును. నీడ పడినచో ఫలకము ప్రక్కకు చూచుచున్నదన్నమాట. నీడ పూర్తిగా మాయమైనచో సూర్యుని సూటిగా చూచుచున్నదన్నమాట.

పెద్దమనిషి వాదము బలమైనదే. ఆయన పుట్టి పెరిగిన చోటు భూమధ్యరేఖకు ఉత్తరమున 50 డిగ్రీలపైన నున్నది. అచట డిసెంబరు నెలలో మిట్టమధ్యాహ్నము కూడ సూర్యుడు దిజ్మండలమునకు 17 డిగ్రీల ఎత్తునకు మించడు. బల్లపరుపు ఫలకముపై నేరుగా పడవలసిన యెండలో నూటికి 28 వంతులే పడును. అట్టి దేశమున ఫలకమును వాల్చనివాడు తెలివితక్కువవాడు. ఆయన జీవితమంతయు ఆ యెండలోనే పడవ నడపెను. కొచ్చి యున్నది 10 డిగ్రీలలో. ఇచట డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తినుండి 33 డిగ్రీలే దక్షిణమునకు జరుగును. బల్లపరుపు ఫలకమునకు 83 వంతులు దక్కును. వారు పోబోవు దారి ఇంకను భూమధ్యరేఖకు దగ్గర. ఆయన తన ఊరి వాలును తనతో తెచ్చుకొనెను. ఊరు మారినది గాని వాలు మారలేదు.

ఇంత తెలిసిన మా విద్యార్థికి సంశయమేల కలిగెను? ఫోనులో చెప్పని మాట నతడు అప్పుడు చెప్పెను. అంతకు ముందటి యేడు మరియొక పడవకు అతడే త్రిప్పు ఫలకము నమర్చెను. ఊతకడ్డీని ఒకే మరచుట్టుతో బిగించెను. ఒకనాటి సాయంకాలము గాలి వాన వచ్చినప్పుడు ఫలకము క్రిందికి గాలి దూరి కడ్డీ జారెను. దానిని పట్టుకొనబోయిన యజమాని చేతివ్రేళ్లు రెండు విరిగెను. యజమాని యతనిని ఒక్క మాట యనలేదు. పైగా తాను ముందే దించకపోవుటయే తప్పనెను.

"ఆయప్ప తిట్టింటే బాగుండేది అయ్యవారూ" అని మా విద్యార్థి తల వంచుకొనెను. "ఇప్పుడు కదలకుండా బిగించమని నేను చెప్తే, అది లెక్క చూసి చెప్పేదా, భయపడి చెప్పేదా? నాకే తెలియకుండా ఉండాది."

ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేదు. తెలియనప్పుడు చేసి చూచుట మేలని మాత్రము చెప్పితిమి.

అప్పుడు ఉదయము తొమ్మిది గంటలు. సూర్యుడు సుమారు 30 డిగ్రీల ఎత్తున నుండెను. మొదట పాత ఫలకమును బల్లపరుపుగా నుంచి చూచితిమి. ఆంపియర్ల కొలముల్లు మూడు చూపెను. పిదప సూర్యునివైపు 30 డిగ్రీలు వాల్చితిమి. ముల్లు అయిదు దరిదాపునకు పోయెను. పెద్దమనిషి చిరునవ్వు నవ్వెను. మూడింటికిని అయిదింటికిని గల భేదము ఎవరికి తెలియదు? మేమును మనసులో ఆయన పక్షమే వహించి, లోపలికి పోయి, ఆమె యిచ్చిన రెండవ తేనీటిని త్రాగుచు మాటలలో పడితిమి.

అరగంట గడచెను. బయటకు వచ్చి చూచునప్పటికి కొలముల్లు ఒకటిని కొంచెము మాత్రమే దాటియుండెను. మబ్బు లేదు. తీగ ఊడలేదు. ఏమి జరిగినదో మాకు బోధపడలేదు. మా విద్యార్థి మాత్రము కమ్మి పట్టుకొని నిలువబడి నవ్వుచుండెను.

"చూడండి అయ్యవారూ, పొద్దు ఈడుండాది, పలక ఆడ చూస్తా ఉండాది!"

సముద్రపు పోటు పోయి పాటు మొదలైనది. నీరు తిరిగినది, నీటితోపాటు లంగరు వేసిన పడవ ముఖము త్రిప్పుకొన్నది. మేము కూర్చున్న గదియే తిరిగినను మాకు తెలియలేదు. సూర్యునివైపు వాల్చిన ఫలకము ఇప్పుడు సూర్యునికి వీపు చూపుచుండెను. మేము దానిని వెంటనే బల్లపరుపుగా దింపితిమి. ముల్లు మూడున్నరకు వచ్చెను.

లెక్క చూడుడు. సరిగా వాల్చినందువలన లాభము రెండు ఆంపియర్లు. వాల్చి మరచినందువలన నష్టము రెండుకు పైన. అనగా, ఒకసారి త్రిప్పి మరచువాడు ఎన్నడును త్రిప్పనివానికంటె బీదవాడగును. బల్లపరుపు ఫలకమునకు పడవ ఏ దిక్కునకు తిరిగినను ఒక్కటే. అది దిక్కులను చూడదు, ఆకాశమును చూచును.

ఇచట మాకు ఆ అబ్బాయి తండ్రి జ్ఞప్తికి వచ్చెను. ఆయన తోటలో నీరు తోడు సౌర యంత్రమునకు చేతితో త్రిప్పు చట్రము కలదు. ఉదయము తూర్పునకు, మధ్యాహ్నము నడిమికి, సాయంకాలము పడమటికి త్రిప్పవలె. ఆయన ఎన్నడును తప్పక త్రిప్పును. ఏలయన మూడు పూటలును ఆయన తోటలోనే యుండును. తోట యెటును తిరుగదు. అదే చట్రమును ఆ పడవపై నిలిపినచో ఏమగును? వస్తువు ఒకటియే, గుణము ఒకటియే. నిలిచిన నేలలో లాభము నిచ్చునది, తిరుగు నేలలో నష్టము తెచ్చును. త్రిప్పు ఫలకమున లాభము మడతబందులో లేదు. త్రిప్పు చేతిలో నున్నది. చేయి యెప్పుడు దగ్గర నుండునో, ఎప్పుడుండదో తెలిసికొనక వస్తువును ఎన్నుకొనరాదు.

ఆ సంగతి తేలిన పిమ్మట మిగిలిన లెక్కలు తామై వరుసగా నిలిచినవి. మొదటిది గాలి. సెకనుకు 10 మీటర్ల వేగముతో వీచు గాలి చదరపు మీటరు పలకపై సుమారు ఆరు కిలోల బరువుగా తాకును. వేగము రెట్టింపైనచో బలము రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును, ఇరువదియైదు కిలోలు. ఎత్తిన ఫలకము అడుగని తెరచాప. బల్లపరుపు ఫలకమునకు గాలి అంచునే తగులును. రెండవది నీడ. ఫలకములోని గడులు గొలుసువలె ఒకదానికొకటి కలిపియుండును. ఒక్క గడిపై తెరచాపకొయ్య నీడ పడినను ఆ వరుస యంతయు నీరసించును. బావినుండి వరుసగా కడవ లందించుకొనువారిలో ఒకడు ఆలసించినచో అందరును ఆగినట్లు. పడవ వెనుకనున్న ఎత్తైన కమానుపై ఈ బాధ తక్కువ. మూడవది వేడి. ఫలకముపై వ్రాసిన వాట్లు 25 డిగ్రీల వేడిమివద్ద కొలిచినవి. ఆపై ప్రతి డిగ్రీకి నూటికి మూడవ వంతు చొప్పున తగ్గును. ఎండలో ఫలకము 60 డిగ్రీలకు కాగినచో నూటికి పండ్రెండు పోవును. కావున కదలకుండ బిగించినను అడుగున గాలి యాడుటకు సందు ఉంచవలె. నాలుగవది మబ్బు. మబ్బు దినమున వెలుతురు ఒక దిక్కునుండి రాదు, ఆకాశమంతటినుండి వచ్చును. అట్టి దినమున వాల్చుటవలన ఫలము లేదు. లెక్కకు భయపడవలసినది మబ్బు దినమునకే గదా!

ఆ వృద్ధురాలు ఇదంతయు వినుచుండి మెల్లగా నొక మాట చెప్పెను. రాత్రి పహరాలు వారిరువురే పంచుకొందురు. పగలు ఒకరు నిదురించునప్పుడు మరియొకరు చుక్కాని చూడవలె. ఆమె మణికట్టు కీళ్లనొప్పితో బిగిసినది; మరచుట్టును విప్పలేదు, బిగింపలేదు. "ఫలకమును త్రిప్పుటకు మా యొద్ద మూడవ మనిషి లేడు" అనెను. ఆమె భర్త కొంతసేపు ఆమె చేతివైపు చూచి, పిమ్మట మా విద్యార్థివైపు చూచి, నీ యభిప్రాయమేమని అడిగెను. అంతవరకు ఆయన అతనికి పని చెప్పినవాడే గాని అభిప్రాయ మడిగినవాడు కాడు.

మా విద్యార్థి చెప్పిన తీర్పిది. క్రొత్త ఫలకములు రెండును వెనుక కమానుపై బల్లపరుపుగా, అడుగున నాలుగు వ్రేళ్ల సందుతో, కదలకుండ బిగింపవలెను. పాత ఫలకమును కమ్మికే యుంచవలె. కాని మరచుట్టునకు బదులు, నొప్పిగల చేతితో కూడ తీయుటకు వీలగు చీలను పెట్టవలె. చీల తీసినచో ఫలకము తనంతట తాను మెల్లగా బల్లపరుపుగా వాలి నిలువవలె. రేవులో తీరికగా నున్న ఉదయములందు దానిని సూర్యునివైపు వాల్చుకొనవచ్చును. ప్రయాణములో దించియే యుంచవలె. సారాంశమేమనగా, మూడింట రెండు వంతులు ఎవరును చూడకున్నను పనిచేయును; ఒక వంతు చూచువారున్నప్పుడు ఎక్కువ పనిచేయును; మరచినను ఎవరికిని హాని లేదు.

ఇది భయము చెప్పిన తీర్పు కాదని మాకు తోచినది. భయపడినవాడు మూడింటిని కదలకుండ బిగించి చేతులు దులుపుకొనును. ఇతడు తన పూర్వపు తప్పును మరువక, దానికి లొంగకయు, విరిగిన వ్రేళ్లను తలచుకొని చీలను కల్పించెను. ఆ మాటయే యతనికి చెప్పితిమి. అతడు ఏమియు ననక పనిముట్ల సంచి విప్పెను.

"ఇంతకు, దీన్ని మాటల్లో పెట్టలేనంటివే. ఇప్పుడు ఎట్లు చెప్పితివి?" అని తిరిగి పోవునప్పుడు అడిగితిమి.

"ఇంగ్లీషులో చెప్పేముందు మనసులో మన మాటలో చెప్పుకున్నా అయ్యవారూ. ఒకటి పొద్దుతిరుగుడు పలక, ఇంకొకటి మిన్ను చూసే పలక. పేర్లు పెట్టుకున్నాక తేటగా కనపడింది."

పొద్దుతిరుగుడు పలక! మాకు నోట మాట రాలేదు. దానికి కారణమును పిల్లలయెదుట ఒప్పుకొనుట న్యాయము. మేము శిక్షణ పొందినది తిరుపతిలో. అచట నేర్చిన తెలుగే తెలుగని తలచి హోసూరునకు వచ్చితిమి. ఇచటి పిల్లల మాటలో తమిళము కలిసియుండును, కన్నడము కలిసియుండును; మరియు తాతలనాటి తెలుగు మాటలు కొన్ని పుస్తకములలో కానరానివి సజీవముగా నుండును. మేము వాటినన్నిటిని ఒకే గాటకట్టి తప్పులని దిద్దితిమి. ఈ అబ్బాయి ఎనిమిదవ తరగతిలో నుండగా 'మా తోట' అను వ్యాసమున "పొద్దు పుట్టినాక మా నాయన తోటకు పోతాడు" అని వ్రాసెను. మేము 'పొద్దు' అను మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి పైన 'సూర్యుడు' అని వ్రాసితిమి. 'పుట్టినాక' అనుదానిని కూడ కొట్టివేసితిమి. ఆ వ్యాసము మాకు జ్ఞాపకమున్నది, అతనికిని ఉండియుండును. పొద్దు అచ్చమైన తెలుగు మాటయని మాకు తెలియదా? తెలియును. కాని తిరుపతి వాలునకు బిగించిన ఫలకము హోసూరు ఎండను చూడలేదు. ఇంగ్లండు పెద్దమనిషిని చూచి తేనీరు త్రాగుచు మనసులో నవ్వుకొన్న మేము, అతనికంటె ఎక్కువ కాలము మా ఊరి వాలును మోసితిమి.

అట్లని ఉపాధ్యాయుడు ప్రతి గాలికిని తిరుగవలెనని మేము చెప్పుట లేదు. కదలకుండ నుండవలసినవి కొన్ని కలవు: అక్షరము స్పష్టముగా పలుకుట, వాక్యము పూర్తిగా వ్రాయుట, దినమునకొక పుట చదువుట. ఎవరు చూచినను చూడకున్నను అవి దినదినము పనిచేయుచుండవలె. పిల్లవానినిబట్టి వాల్చుకొనవలసినది మరి కొంత కలదు. అది ఉపాధ్యాయుని చేయి దగ్గరనున్నప్పుడే సాధ్యము. ఒకసారి వాల్చి మరచుట మాత్రము కూడదు. పది డిగ్రీల తప్పునకు పిల్లవానిని కఠినముగా దిద్దనక్కరలేదని కూడ ఆ కొసైన్ పట్టికయే మాకు చెప్పినది.

తల్లిదండ్రులకొక మాట. "తెలుగులో చదివినవాడు యంత్రముల పని ఎట్లు నేర్చును?" అని ప్రతి జూన్ నెలలోను మమ్మడుగుచుందురు. వారి భయము నిరాధారము కాదు. మా విద్యార్థియు కొచ్చిలో మొదటి యేడు ఇంగ్లీషు రాక అవమానములు పడెను, పట్టుదలతో నేర్చుకొనెను, మలయాళము కూడ నేర్చుకొనెను. ఆ కష్టము లేదని మేము చెప్పజాలము. కాని చిక్కు వచ్చినప్పుడు అతడు దేనితో ఆలోచించెనో మేము కన్నులార చూచితిమి. కోణము, నీడ, వాలు, పొద్దు, మిన్ను. ఇవి యతనికి బల్లపరుపు ఫలకములు. పడవ ఎటు తిరిగినను వెలుతురు పట్టినవి. ఇంగ్లీషు అవసరమును బట్టి ఎత్తుకొన్న ఫలకము. అతనికి రెండును కావలసివచ్చినవి.

పొద్దుతిరుగుడు పూవును గూర్చి సైన్సు ఉపాధ్యాయులు మాకు చెప్పిన విశేష మొకటి కలదు. లేత మొగ్గగా నున్నప్పుడే అది సూర్యునివెంట తిరుగును. పూర్తిగా విచ్చి ముదిరిన పూవు తిరుగుట మాని తూర్పుముఖముగా నిలిచిపోవును. లేతతనమున తిరుగవలె, ముదిరిన పిమ్మట నిలువవలె నని ఆ మొక్కకు ఎవరు చెప్పిరో! మేము మాత్రము దానికి విరుద్ధముగా, లేతవయస్సున నిలిచిపోయి, నలువదులు దాటిన పిమ్మట తిరుగుట నేర్చుకొనుచున్నాము.

మార్చి నెలలో మా విద్యార్థి ఫోను చేసెను. ఆ దంపతులు మాల్దీవులు చేరిరట. దారిలో మూడు దినములు మబ్బు పట్టినను బ్యాటరీ అడుగంటలేదట. రేవులో నున్న ఉదయములందు చీల తీసి పాత ఫలకమును వాల్చుకొనునది ఆమెయేనట. పెద్దమనిషి దానిని ముట్టుట మానెనట. "ఆయమ్మకు పొద్దు ఎక్కడుండాదో బాగా తెలుసు అయ్యవారూ" అని నవ్వెను.

ఈ సంచికలో ఏడవ తరగతి బాలిక వ్రాసిన 'మా ఊరి చెరువు' అను వ్యాసము కలదు. అందు రెండవ వాక్యము "పొద్దు మునిగినాక కొంగలు వస్తాయి" అని యున్నది. మేము దానిని దిద్దలేదు.